ఆడ మండపీత: సంతానోత్పత్తి, బాధ్యతగా సాగాల్సిన వేట

మండపీత ఉప్పుటేళ్ళలో, మడ అడవుల బురదలో, నదులు సముద్రంలో కలిసే మొగల దగ్గర పెరిగే పెద్ద పీత. శాస్త్రవేత్తలు దీన్ని సిల్లా అనే ప్రజాతిలో చేర్చారు. తూర్పు ఆఫ్రికా నుంచి పసిఫిక్ దీవుల దాకా వేడి తీరాలన్నిటా ఇది కనిపిస్తుంది. ఆంధ్ర తీరంలో కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులు, కృష్ణా నది మొగలు, నిజాంపట్నం పరిసరాలు, పులికాట్ సరస్సు దీని ముఖ్యమైన తావులు. బతికుండగానే తాళ్ళతో కట్టి విమానాల్లో విదేశాలకు పంపే సరుకు కావడం వల్ల దీనికి మంచి ధర పలుకుతుంది. అందులోనూ డొప్ప నిండా ఎర్రటి జన పట్టిన ఆడ పీతకు గిరాకీ ఎక్కువ. అసలు చిక్కు అక్కడే ఉంది. బజారు ఏరికోరి కొంటున్నది గుడ్లు పెట్టడానికి బయలుదేరబోతున్న తల్లినే.

పీతల రక్షణ అనగానే "గుడ్డు పీతను పట్టవద్దు", అంటే పొట్ట కింద గుడ్ల ముద్ద మోస్తున్నదాన్ని వదిలేయాలి అన్న మాట వినిపిస్తుంది. సముద్రంలోనే బతికే ఈత పీతల విషయంలో అది సరైన మాట. మండపీత విషయంలో అది చాలదు. ఎందుకు చాలదో తెలియాలంటే ఆడ పీత బతుకును మొదటి నుంచీ చూడాలి.

జాతులు, గుర్తులు

మండపీతలన్నిటినీ చాలాకాలం సిల్లా సెర్రాటా అన్న ఒకే పేరుతో పిలిచారు. 1998లో కీనన్, డేవీ, మాన్ అనే శాస్త్రవేత్తలు జన్యు ఆధారాలతోనూ శరీర లక్షణాలతోనూ వీటిని నాలుగు జాతులుగా తేల్చారు. భారత తీరంలో వాటిలో రెండు ముఖ్యమైనవి. సిల్లా సెర్రాటా పెద్దది, ఆకుపచ్చ ఛాయది. కాళ్ళన్నిటి మీదా గళ్ళ మచ్చలుంటాయి, కళ్ళ మధ్య ముళ్ళు ఎత్తుగా ఉంటాయి, పట్టుకారు కాలి మణికట్టుకు బయటివైపున రెండు పదునైన ముళ్ళుంటాయి. బాగా ఎదిగిన మగది రెండు కిలోలు దాటుతుంది. సిల్లా ఒలివేసియా చిన్నది. గోధుమ రంగు డొప్ప, ఎర్రబారిన పట్టుకారు కాళ్ళు, మొద్దుబారిన ముళ్ళు దీని గుర్తులు. కాళ్ళ మీద గళ్ళ మచ్చలు ఉండవు.

ఈ తేడా పుస్తకాల వరకే పరిమితమైనది కాదు. ఒలివేసియా ఆడ పీత చిన్న పరిమాణంలోనే ఈడుకు వస్తుంది. సెర్రాటాకు అంతకన్నా పెద్ద డొప్ప రావాలి. వేటకు రెండింటికీ ఒకే కనీస కొలత పెడితే, ఒక జాతిలో ఎదిగినవాటిని కూడా వదిలేయాల్సి వస్తుంది, లేదా రెండోదానిలో ఈడు రాని పిల్లలు వలలోకి పోతాయి. పాత భారతీయ నివేదికల్లో సెర్రాటా అని రాసి ఉన్నది చాలాచోట్ల ఈనాటి ఒలివేసియానే కాబట్టి, ఆ కొలతలను చదివేటప్పుడు జాగ్రత్త అవసరం.

ఆడా మగా తేడా తెలియాలంటే పీతను వెల్లకిలా తిప్పి పొట్ట మడత చూడాలి. మగదానికి అది సన్నగా, కొనదేలి ఉంటుంది. ఈడు రాని ఆడదానికి త్రికోణంగా, లేత రంగులో, అంచుల్లో బోసిగా ఉంటుంది. ఈడుకు వచ్చిన ఆడదాని మడత వెడల్పై అర్ధచంద్రాకారానికి వస్తుంది, ముదురు రంగు తేలుతుంది, అంచు పొడవునా దట్టమైన నూగు మొలుస్తుంది. ఆ నూగు ఉందంటే ఈ పీత గుడ్లు మోయగలదని అర్థం. పడవలో తూకం, కొలబద్ద లేని వేటగాడికి కూడా ఈ గుర్తు చాలు. త్రికోణపు మడతతో ఉన్న ఆడ పీత ఇంకా ఒక్కసారి కూడా గుడ్లు పెట్టలేదు. దాన్ని అమ్మడమంటే తరవాతి తరాన్ని మొదలు కాకుండానే ఆపేయడం.

జత కట్టడం

పీత పెరగాలంటే పాత పెంకు విడవాలి. ఆడ మండపీత జత కట్టడం కూడా ఈ పెంకు విడిచే వేళకే ముడిపడి ఉంది. ఈడుకు తెచ్చే పెంకు విడుపు దగ్గరపడినప్పుడు ఆడ పీత నీటిలో కొన్ని రసాయనాలను వదులుతుంది. ఆ జాడను పట్టుకుని మగది వస్తుంది. తనకన్నా చిన్నదైన ఆడదాన్ని పొట్ట కిందికి తీసుకుని, కాళ్ళతో చుట్టి, రోజుల తరబడి మోసుకు తిరుగుతుంది. పెంకు విడిచిన క్షణాన ఆడ పీత ఒళ్ళంతా మెత్తగా ఉంటుంది, పారిపోలేదు, తిరగబడలేదు. ఆ స్థితిలోనే జత కడతాయి. అది గంటల తరబడి సాగుతుంది. తరవాత కూడా కొత్త పెంకు గట్టిపడేదాకా మగది కాపలా వదలదు. పెంకు మెత్తగా ఉన్న ఆడదాన్ని చుట్టుపక్కల పీతలే తినేస్తాయి కాబట్టి ఈ కాపలా లేకపోతే గండం గట్టెక్కడం కష్టం.

మగది ఇచ్చిన శుక్రకణాలు ఆడదాని శుక్రగ్రాహికల్లో నిలవ ఉంటాయి. గుడ్లు వెంటనే రావు. ముందు అండాశయం ఎదగాలి, దానికి వారాలు, కొన్నిసార్లు నెలలు పడుతుంది. మొదట పారదర్శకంగా ఉండే అండాశయం పసుపుకు, అక్కడి నుంచి ముదురు నారింజకు తిరిగి డొప్ప కింద మూలమూలకూ పరుచుకుంటుంది. వంటింట్లో ఇష్టంగా తినే ఎర్ర జన ఇదే. ఒకసారి జత కట్టిన ఆడ పీత ఆ నిలవతోనే రెండు, మూడు విడతల గుడ్లను ఫలదీకరించుకోగలదు, మళ్ళీ మగదాని అవసరం ఉండదు. ఇక్కడ లెక్క జాగ్రత్తగా చూడాలి. జన పట్టిన ఒక్క పీత బుట్టలోకి వెళితే పోయేది ఒక్క విడత కాదు, రాబోయే విడతలన్నీ దానితోపాటే పోతాయి.

సముద్రానికి ప్రయాణం

అండాశయం పండాక ఆడ పీత తాను పెరిగిన ఉప్పుటేరును వదిలి మొగ దాటి సముద్రంలోకి పోతుంది. మగది మాత్రం ఏటిలోనే ఉండిపోతుంది. ఉత్తర ఆస్ట్రేలియాలో ట్రాల్ వలల్లో పడిన ఆడ మండపీతలను పరిశీలించినప్పుడు, కొన్ని తీరానికి 95 కిలోమీటర్ల దూరం దాకా వెళ్ళినట్టు తేలింది. బురద బొరియలో బతికే జీవి ఇంత దూరం పోవడానికి కారణం పిల్లలే. పుట్టిన పిల్లలకు అచ్చమైన సముద్రపు ఉప్పదనం కావాలి. గోదావరికి వరద వచ్చిందంటే కోరింగ పాయల్లో నీరు దాదాపు మంచినీరైపోతుంది. ఆ నీటిలో పిల్లలు బతకవు. సముద్రంలో వదిలిన పిల్లలు ప్రవాహాలతో దూరదూరాలకు చెదిరి, వేరే మొగలకూ చేరతాయి. ఒక ఏటి పీతల సంతానం మరో ఏటికి వలస కావడం జాతి మనుగడకు మేలే.

మండపీతకు గుడ్డు పీత నిషేధం ఎందుకు చాలదో ఇప్పుడు తెలుస్తుంది. పొట్ట కింద గుడ్ల ముద్దతో ఉన్న మండపీత ఉప్పుటేటిలో బహు అరుదు. అది అప్పటికే సముద్రంలో ఉంటుంది. ఏటి వేటగాడికి చిక్కేది అంతకుముందు దశలోది, అంటే జన పండి, మొగ వైపు నడుస్తున్నది. పొట్ట కింద గుడ్లు లేవు కాబట్టి దాన్ని ఆ నిషేధం ఆపదు. పైగా దానికే ధర ఎక్కువ. ఈ పీతను కాపాడాల్సింది గుడ్లు కనిపించాక కాదు, దారిలో ఉండగా.

ఆ దారి తెరిచి ఉండటం కూడా అంతే ముఖ్యం. పులికాట్ సరస్సును సముద్రంతో కలిపే రాయదొరువు ముఖద్వారం ఇసుక మేటతో పూడుకుపోవడం అక్కడి మత్స్యకారులకు ఎప్పటి నుంచో ఉన్న బాధ. మొగ పూడితే తల్లి బయటికి పోలేదు, సముద్రం నుంచి పిల్లలు లోపలికి రాలేవు. పూడిక తీయమని మత్స్యకారులు అడుగుతున్నది చేపల కోసమే కాదు, పీతల కోసం కూడా.

గుడ్లు, పిల్లలు

గుడ్లు పెట్టేటప్పుడు ఆడ పీతకు ఇసుక నేల కావాలి. ఇసుకలోకి సగం దిగి, పొట్ట మడతను తెరిచి, ఇసుకకూ మడతకూ మధ్య ఒక గది ఏర్పరుచుకుంటుంది. లోపలి నుంచి గుడ్లు బయటికి వస్తూ నిలవ ఉన్న శుక్రకణాలతో కలుస్తాయి, ఆ గదిలో తేలుతూ పొట్ట కింది ఉపాంగాల సన్నని వెంట్రుకలకు అతుక్కుంటాయి. ఇసుక వేయని సిమెంటు తొట్టెలో గుడ్లు సరిగా అతుక్కోక నేలపాలవుతాయి. అందుకే హేచరీల్లో తల్లి పీతల తొట్టెలో ఇసుక పళ్ళేలు పెడతారు.

సెర్రాటా ఒక విడతలో పది లక్షల నుంచి ఎనభై లక్షల దాకా గుడ్లు పెట్టగలదు. ఒక్కో గుడ్డు మిల్లీమీటరులో మూడోవంతు కూడా ఉండదు. కొత్తగా పెట్టిన గుడ్లు నారింజ రంగులో, చూడటానికి రవ్వకేసరి ముద్దలా ఉంటాయి. రోజులు గడిచేకొద్దీ పచ్చసొన ఖర్చయి, లోపలి పిండానికి కళ్ళు, రంగు కణాలు ఏర్పడతాయి. నారింజ గోధుమకు, గోధుమ బూడిద నలుపుకు తిరుగుతుంది. భూతద్దం పెడితే ప్రతి గుడ్డులో రెండు నల్లచుక్కలు కనిపిస్తాయి, అవి కళ్ళు. అప్పటికి పొదగడానికి ఒకటి రెండు రోజులే మిగిలి ఉంటుంది. వెచ్చని నీటిలో మొత్తం పది పద్నాలుగు రోజుల వ్యవహారం ఇది. ఆ రోజులన్నీ తల్లి పొట్ట మడతను ఆడిస్తూ గుడ్లకు కొత్త నీరు తగిలేలా చూస్తుంది, చిన్నకాళ్ళ కొనలతో ముద్దను కెలుకుతూ చెడిన గుడ్లను ఏరేస్తుంది. తల్లి నుంచి విడదీసిన గుడ్లు నీటిలో వేసినా బతకవని మత్స్యకారులకు గట్టిగా చెప్పాల్సింది ఇందుకే. గుడ్లను గీకి నీటిలో వదిలేసి తల్లిని అమ్ముకుంటే సముద్రానికి దక్కేది ఏమీ లేదు.

గుడ్డు నుంచి వచ్చే పిల్లకు పీత పోలికే ఉండదు. జోయియా అనే ఈ పిల్ల ఒక మిల్లీమీటరు పొడవుతో, వీపు మీద ముల్లుతో నీటిలో తేలుతుంది. ఐదు జోయియా దశలు దాటడానికి రెండున్నర, మూడు వారాలు. ఆ తరవాతిది మెగలోపా దశ, దీనికి పట్టుకారు కాళ్ళతోపాటు తోక కూడా ఉంటుంది. వారం పది రోజులకు అది పెంకు విడిచి మూడు నాలుగు మిల్లీమీటర్ల బుల్లి పీత అవుతుంది. పోటుతో పాటు ఏళ్ళలోకి కొట్టుకొచ్చి మడ చెట్ల వేళ్ళ సందుల్లో దాక్కుంటుంది. లక్షల గుడ్లలో పెద్దదయ్యేది వేళ్ళ మీద లెక్కించేటన్నే. గుడ్ల సంఖ్య చూసి సంతానానికి కొదవ లేదనుకోవడం పొరపాటు. అంత నష్టాన్ని తట్టుకోవడానికే అన్ని గుడ్లు.

మడ వేళ్ళు లేకపోతే ఈ బుల్లి పీతలకు చోటు లేదు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగ దాదాపు 235 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఉంది. అక్కడి మడలను కాపాడటం పీతల వేటను కాపాడటమే. 1990లలో రొయ్యల చెరువుల కోసం తీరం పొడవునా మడ భూములు పోయినచోట ఈ లెక్క ఎవరూ వేయలేదు.

ఈత పీతల సంగతి

సముద్రంలో వలలకు పడే నీలం ఈత పీత వేరు ప్రజాతిది. పోర్చునస్ పెలాజికస్ అని పిలిచే ఈ పీతను కూడా 2010లో నాలుగు జాతులుగా విడదీశారు. బంగాళాఖాతంలో ఎక్కువగా దొరికేది పోర్చునస్ రెటిక్యులేటస్. ఇది జత కట్టినా, గుడ్లు మోసినా వేట సాగే సముద్రపు నీటిలోనే, కాబట్టి పీత వలల్లో గుడ్ల ముద్దతో ఉన్నవి తరచుగా పడతాయి. వీటికి గుడ్డు పీత నియమం నేరుగా వర్తిస్తుంది. వలలో పడిన గుడ్డు పీతను వెంటనే, కాళ్ళు విరగకుండా విడదీసి నీటిలో వదిలితే పది రోజుల్లోపే పిల్లలు బయటపడతాయి.

థాయ్‌లాండ్ తీర గ్రామాల్లో దీనికి ఒక చక్కని ఏర్పాటు ఉంది, పీతల బ్యాంకు అంటారు. మత్స్యకారులు తమ వలలో పడిన గుడ్డు పీతలను ఊరి ఉమ్మడి పంజరంలోనో తొట్టెలోనో పెడతారు, పిల్లలు సముద్రంలోకి పోతాయి, ఆ తరవాత తల్లి పీతను అమ్ముకోవచ్చు. వేటగాడి చేతి కష్టాన్ని పూర్తిగా నష్టపెట్టకుండా గుడ్లను కాపాడే దారి ఇది. ఆంధ్ర తీరంలో మర పడవల కన్నా చిన్న పడవలే పీతలను ఎక్కువగా తెచ్చే రేవుల్లో ఇది అమలుకు అనువైనది.

వేట తీరు

మండపీతను పట్టడానికి ఎర కట్టిన రింగు వలలు, వెదురు లేదా ఇనుప తీగ బుట్టలు, బొరియలోంచి లాగే ఇనుప కొక్కెం వాడతారు. కృష్ణా, నెల్లూరు తీరాల్లో యానాది గిరిజనులు మడ బురదలో కాలిజాడతో బొరియను గుర్తించి చేత్తోనే పీతను బయటికి తీస్తారు. అలా పట్టే మనిషి ఆడదో మగదో, ఈడు వచ్చిందో లేదో అక్కడే చూసి వదలగలడు. కొక్కెంతో అది కుదరదు, బయటికి వచ్చేసరికే పీత గాయపడుతుంది.

బుట్టల్లో కొద్ది మార్పు చాలా మేలు చేస్తుంది. అడుగున చిన్న పీతలు తప్పుకునే కంత ఉంచితే ఈడు రానివి వాటంతట అవే బయటికి పోతాయి. మూతను నైలానుతో కాక నూలు దారంతో కడితే, బుట్ట పోయినా కొద్ది వారాల్లో దారం కుళ్ళి మూత తెరుచుకుంటుంది. నైలాను కట్టు ఉన్న పోయిన బుట్ట నెలల తరబడి పీతలను పట్టి చంపుతూనే ఉంటుంది.

మాంసం పట్టని మెత్త పీతలను చెరువులో, పెట్టెల్లో కొన్ని వారాలు మేపి అమ్మే పద్ధతి కృష్ణా, గోదావరి డెల్టాల్లో ఉంది. మెత్త పీతలను తక్కువ ధరకు తెగనమ్మకుండా ఇది ఉపయోగపడుతుంది. అదే చెరువులకు చిన్న పీతలను ఉప్పుటేళ్ళ నుంచి ఏరి తెచ్చి వేయడం మాత్రం నష్టం. ఆ పిల్లలు ఏటికి తిరిగి రావు.

నియమాలు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు యంత్రాలు బిగించిన పడవల వేట ఆగుతుంది. ఆ రోజుల్లో సముద్రంలో ఉన్న తల్లి పీతలకు ట్రాల్ వలల బెడద తప్పుతుంది. ఉప్పుటేళ్ళలో బుట్టల వేటకు మాత్రం ఈ విరామం వర్తించదు. కనీస పరిమాణం విషయంలో కేరళ ముందడుగు వేసింది. 2015లో 14 రకాలకు, తరవాత 58 రకాల మత్స్య సంపదకు చట్టబద్ధమైన కొలతలు ప్రకటించింది. ఇండొనేషియా 2015లో గుడ్లు మోసే మండపీతలు, ఈత పీతల వేటను నిషేధించి, మండపీతకు 15 సెంటీమీటర్లు, ఈత పీతకు 10 సెంటీమీటర్ల డొప్ప వెడల్పు పెట్టింది. తరవాతి ఏళ్ళలో ఆ నిబంధనలను సవరించారు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఇంకా ముందుకు పోయింది. అక్కడ ఆడ మండపీతను ఏ పరిమాణంలోనూ పట్టకూడదు. మగదైనా 15 సెంటీమీటర్లు ఉండాలి. మండపీత బతుకు తీరుకు సరిగ్గా సరిపోయే నియమం ఇదే. జన పండిన తల్లి మొగ దాకా నిరాటంకంగా నడవగలుగుతుంది.

అమెరికాలోని చెసపీక్ అఖాతంలో నీలి పీత అనే మరో జాతి కథ మన తీరానికి చాలా నేర్పుతుంది. ఆ జాతి ఆడ పీత జీవితంలో ఒక్కసారే జత కట్టి, గుడ్ల కోసం అఖాతపు ముఖద్వారానికి వలస పోతుంది. పీతలు తగ్గిపోయాక, 2008లో మేరీలాండ్, వర్జీనియా రాష్ట్రాలు ఆడ పీతల వేటను 34 శాతం తగ్గించడానికి ఒప్పుకున్నాయి. చలికాలంలో అడుగు బురదలో దాగిన ఆడ పీతలను దువ్వి తీసే వేటను వర్జీనియా ఆపేసింది. ఆ తరవాత ఏళ్ళలో పీతల సంఖ్య పుంజుకుంది. వర్జీనియాలో గుడ్ల రంగును బట్టి కూడా నియమం ఉంది. నిర్ణీత నెలల్లో గోధుమ, నలుపు గుడ్ల పీతలను ఉంచుకోవడం మీద ఆంక్షలున్నాయి. పొదగడానికి దగ్గరపడిన గుడ్లకు విలువ ఎక్కువన్న లెక్క అది.

ఆడ పీతలను వదిలేసి మగవాటిని ఎంతైనా పట్టవచ్చనుకోవడం కూడా సరికాదు. పెద్ద మగవన్నీ పోతే, మిగిలిన చిన్న మగవి పెద్ద ఆడవాటిని మోయలేవు, ఇచ్చే శుక్రకణాలూ తక్కువే. ఆడ పీతకు నిలవ తగ్గితే రెండో, మూడో విడత గుడ్లకు శుక్రకణాలు చాలవు. అందుకే క్వీన్స్‌లాండ్‌లోనూ, అమెరికా పశ్చిమ తీరపు డంజనెస్ పీత వేటలోనూ మగవాటికి కనీస కొలత ఉంది. అది ఈడుకు వచ్చే కొలత కన్నా పెద్దది. అమ్మకానికి వచ్చే లోపే ప్రతి మగ పీతా కనీసం ఒక్కసారైనా జత కట్టేలా ఆ కొలతను పెట్టారు.

ఆంధ్ర ఉప్పుటేళ్ళలో ఒక్కసారిగా ఆడ పీతలన్నిటినీ నిషేధించడం పేద వేటగాళ్ళ మీద పడే భారం. రోజూ పీతల మీదే బతికే కుటుంబాలున్నాయి. రెండు అడుగులు మాత్రం ఆలస్యం లేకుండా వేయవచ్చు. త్రికోణపు మడత ఉన్న ఆడవాటి కొనుగోలును రేవు వ్యాపారులే ఆపాలి. ధర పలకని పీతను ఎవరూ పట్టరు. రెండోది, నది మొగలకు అటూ ఇటూ ఆడ పీతల వేటకు విరామం. తల్లి దారి ఇరుకయ్యేది అక్కడే. ఎన్ని నెలలు, ఎంత దూరం అన్నది ఒక్కో మొగను బట్టి అక్కడి వేటగాళ్ళతో కూర్చుని తేల్చాలి. ఆడ పీతలు ఎప్పుడు కదులుతాయో పున్నమి, అమావాస్యల పోటుపాట్లతో కలిపి చెప్పగలిగేది వాళ్ళే.

హేచరీలు

పీత పిల్లల కోసం ఉప్పుటేళ్ళ మీద పడకుండా హేచరీలు కొంత ఊరటనిస్తాయి. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థకు చెందిన రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం తమిళనాడులోని శీర్కాళి దగ్గర తొడువాయిలో మండపీత హేచరీని నడుపుతోంది. ఆ పరిజ్ఞానానికి 2021లో పేటెంటు దక్కింది. జోయియాలకు రోటిఫర్లు, ఆర్టీమియా అనే చిన్న జలచరాలను మేపి, నీటి ఉప్పదనాన్నీ వేడినీ నిలకడగా ఉంచుతూ పెంచుతారు. అయినా పొదిగిన పిల్లల్లో బుల్లి పీత దశకు చేరేవి కొద్దే. ఫంగస్, బాక్టీరియా తగులుతాయి, మెగలోపాలు ఒకదాన్నొకటి తింటాయి. పిల్లలనిచ్చే తల్లులను సముద్రం నుంచో మొగల దగ్గరి నుంచో తేవాలి. ఆ తల్లులను తెచ్చేటప్పుడు తడి గోనెపట్టా కింద, నీడలో, పట్టుకారు కాళ్ళు మాత్రమే కట్టి తీసుకువెళ్ళాలి. గుడ్ల ముద్ద ఎండితే ఆ విడత మొత్తం పోయినట్టే.